మామ జెండా ఉతికిన రోజు

యుద్ధం నడుస్తున్న రోజుల్లో, తామరైపాక్కం దారిలో ఉన్న మా వేరుశనగ చేలను చదును చేసి విమానాలు దిగే బాట వేశారు. భూమి పోయిన ఇళ్ళవాళ్ళకు అక్కడే పనులిచ్చారు. మా ఇంటికి రెండు దక్కాయి. నాకు నాలుగు ముక్కలు ఇంగ్లీషు వచ్చు కనుక, బాటకు ఈ కొసన ఉన్న గుడిసెలో సిగ్నలు దీపం పట్టుకుని కూర్చోవడం నా వంతు. ఆ కొసన జెండా ఎత్తడం మా మేనమామ వంతు.

బాట నడుమ భూమి కాస్త ఉబ్బి ఉండేది. ఈ కొస నుంచి చూస్తే ఆ కొస కనబడదు. మేకలూ, గడ్డిమోపులు మోసేవాళ్ళూ అడ్డం దాటేది ఆ వైపే. అందుకని విమానం చప్పుడు వినగానే మామ తన వైపు బాటంతా చూసుకుని, పొడుగాటి వెదురుకర్రకు తెల్లజెండా కట్టి ఎత్తాలి. ఉబ్బు మీదుగా అది నాకు కనబడాలి. కనబడిన వేళ నేను పుస్తకంలో, దానికని గీసిన గడిలో రాయాలి. రాసిన తరువాతే దీపానికి పచ్చ అద్దం పెట్టి విమానానికి చూపాలి. అంతదాకా ఎర్రే. ఎర్ర చూసిన పైలట్ దిగకూడదు, ఇంకో చుట్టు తిరిగి రావాలి. ఆ చిన్న విమానాల్లో రేడియోలు లేవు, కాబట్టి నా దీపం ఏం చెబితే అదే.

నేను ఈ పద్ధతిని వెంట్రుకవాసి కూడా జరగనిచ్చేవాణ్ణి కాను. అందుకే పైలట్లకు నన్ను చూస్తే ఒళ్ళు మంట. వాళ్ళలో నెల్లూరు వైపు కుర్రవాడొకడు దిగీ దిగగానే నేరుగా గుడిసెకు వచ్చేవాడు.

"ఏమయ్యా, మీ మామ చుట్ట కాల్చుకునేదాకా నేను ఆకాశంలో ప్రదక్షిణాలు చేస్తా ఉండాల్నా?"

"గడి నిండాలి సార్," అనేవాణ్ణి.

ఆయన కోపంలో న్యాయం లేదని ఇప్పుడు అనను. తిరుత్తణి కొండకు మొక్కుకున్నవాళ్ళు మెట్టుమెట్టుకూ ఆగి పసుపు రాసి కుంకుమ పెడతారు. మొక్కుకున్నవాడికి అది భక్తి. వాళ్ళ వెనక నిలబడినవాడికి మోకాళ్ళ నొప్పి.

ఒక వేసవి మధ్యాహ్నం ఆ నెల్లూరాయన చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. నేను ఎర్ర చూపించి జెండా కోసం చూశాను. లేవలేదు. ఆయన ఒక చుట్టు తిరిగి వచ్చాడు, ఇంకో చుట్టు తిరిగి వచ్చాడు. మూడోసారి వస్తూ రెక్కలు అటూ ఇటూ ఊపాడు. పెట్రోలు అయిపోవచ్చిందని దాని అర్థం.

గుడిసెలో నాతో తిరువళ్ళూరు మెకానిక్ ఒకడు ఉన్నాడు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"అదో, మీ మామే. తెల్లగుడ్డ ఊపతా ఉండాడు. పచ్చ చూపించన్నా."

నిజమే. ఎండకు బాట నీళ్ళలా కదులుతోంది. ఉబ్బు అంచున తెల్లగా ఏదో ఆడుతోంది. కర్ర లేదు. అది ఎంత దూరాన ఉందో కూడా తెలియడం లేదు.

"సీక్కిరం అన్నా, తొందరగా. ఆయప్ప పడిపోతాడు."

నా చెయ్యి పచ్చ అద్దం మీదికి పోయింది. ముందు రాయాలి కదా అని రెండో చేత్తో పెన్సిలు తీశాను. గడి పైన 'జెండా కనబడిన వేళ' అని ఉంది. నాకు కనబడింది జెండా కాదు, గుడ్డ. గుడ్డ కనబడిన వేళకు ఆ పుస్తకంలో గడి లేదు. పెన్సిలు కదలలేదు. ఎర్రే చూపించాను.

విమానం మా నెత్తి మీదుగా వెళ్ళిపోయింది. మెకానిక్ నన్ను తిట్టని తిట్టు లేదు. అవతల ఇంజను ఒకసారి దగ్గి, ఆగి, మళ్ళీ అందుకుంది. ఒక గడి కోసం మనిషిని చంపానని అనుకున్నాను.

అప్పుడు వెదురుకర్ర లేచింది. దాని కొసన జెండాకు నాలుగింతలున్న తెల్లగుడ్డ. ఏదైతేనేం, కర్రకు ఎక్కింది కనుక అది జెండాయే. రాశాను. పచ్చ చూపించాను.

విమానం దిగి, ఉబ్బు దాటి, కాస్త దూరం దొర్లేసరికి ఇంజను దానంతటదే ఆగిపోయింది. నేను కూలబడి ఏడ్చాను. మెకానిక్ చూస్తున్నాడని సిగ్గు కూడా పడలేదు.

మేమిద్దరం పరుగున వెళ్ళేసరికి పైలట్ కిందికి దిగి ఉన్నాడు. నన్ను కొట్టడానికే వస్తున్నాడు. అంతలో ఆయన వెనక మామ వచ్చాడు, ఒంటిమీద గోచీ, భుజాన వెదురుకర్ర, కర్రకు తన పంచె. పైలట్ అది చూసి, చెయ్యెత్తినవాడు ఎత్తినట్టే నవ్వు పట్టలేక నేల మీద కూర్చున్నాడు.

"జెండా యాడ మామా?" అన్నాను.

"మాసిపోయిందని బాయికాడ ఉతికి కంచె మింద ఆరేసినాన్రా. గాలికి యాడికి పోయిందో. ఈయప్ప ముందే వస్తాడని ఎవురికి తెలుసు?"

"మరి ఊపిందేంది?"

"తుండుగుడ్డ. జెండా లేదు, రవ్వంతసేపు ఆగు అని నీకు చెప్పాల గదా. ఆ కొసన నిలబడితే నీకు కనబడను. బాట నడుమకు పరిగెత్తి, మిట్ట మింద నిలబడి ఊపినా. నువ్వు ఎర్ర చూపించినాక పోయి పంచె ఇప్పి కట్టినా."

పైలట్ నవ్వు ఆగిపోయింది. వెనక్కి తిరిగి మామ చెప్పిన చోటు చూశాడు. చక్రాల గుర్తులు దాని మీదుగానే ఉన్నాయి. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచాడు. ఆ తరువాత ఆయన నన్ను విసుక్కోవడం మానలేదు గానీ, గడి మాట మాత్రం ఎత్తలేదు.

ఆడికృత్తిక పండక్కి మామ నన్ను తిరుత్తణికి తీసుకుపోయాడు. మెట్టుమెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతూ ఎక్కుతున్నాడు. సగం కొండ ఎక్కాక ఇక ఉండబట్టలేక అడిగాను.

"ఆ పొద్దు అట్లా నడిమధ్యన నిలబడేదానికి భయం కాలేదా మామా?"

"భయమేందిరా? కర్ర మింద జెండా లేనిది నువ్వు పచ్చ చూపించవని నాకు తెలీదా?" అని తరువాతి మెట్టుకు వంగాడు.

నా చెయ్యి పచ్చ అద్దం దాకా పోయిందని ఆయనకు చెప్పలేకపోయాను. కుంకుమ గిన్నె ఆయన చేతిలోంచి తీసుకుని మిగిలిన మెట్లకు నేనే పెట్టాను. ఒక్కటీ వదల్లేదు.