మొండిమూతి సముద్రపంది

చేవెళ్లలో మా బడికి ఆ బొమ్మలు వచ్చేనాటికి బడి సగం రోజులు మూసే ఉంటోంది. అరవై తొమ్మిదో సంవత్సరం, ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న రోజులు. ఒకరోజు బంద్, ఒకరోజు ఊరేగింపు, మధ్యలో దొరికిన రోజున పాఠం. నాకు ఇరవై ఐదేళ్లు. టీచరుగా చేరి ఏడాది కూడా కాలేదు. మా ఇల్లు మొయినాబాద్‌లో. బస్సులు నడవని రోజుల్లో చేవెళ్లలోనే మేనత్త ఇంట్లో ఉండిపోయేదాన్ని.

బొమ్మలు పన్నెండు. మా బడి నడిపే మిషన్ వాళ్లు పంపారు. దళసరి అట్టల మీద రంగుల్లో సముద్రపు జంతువులు. చేపలు కావు, పిల్లల్ని కని పాలిచ్చేవి. పేర్లు వెనకవైపు ఇంగ్లీషులో ఉన్నాయి. ముందువైపు తెలుగులో రాసి గోడకు తగిలించమన్నారు పెద్దసారు. చేతిరాత బాగుంటుందని కుంచె నాకిచ్చారు. పేర్లు చెప్పాల్సింది సైన్సు సారు.

ఆయనది బందరు దగ్గర సముద్రం ఒడ్డున ఊరు. మా అందరిలో సముద్రం చూసినవాడు ఆయనొక్కడే. గొడవలు మొదలవగానే భార్యాపిల్లల్ని ఊరికి పంపేసి ఒంటరిగా ఉంటున్నాడు. బజారుకు పోవడం మానేశాడు. నోరు విప్పితే యాస పట్టిస్తుందని బస్సులో కూడా మాట్లాడేవాడు కాదు.

ఇక్కడి కొలువులు ఇక్కడివాళ్లకే రావాలన్నది నా మాట కూడా. డిగ్రీ పాసై రెండేళ్లుగా మా తమ్ముడు ఖాళీగా తిరుగుతున్నాడు. ఊరేగింపులో ముందు నడిచేవాళ్లలో వాడొకడు. అయినా సైన్సు సారు పక్కన కూర్చుని పనిచేస్తుంటే, నా కోపం ఎవరి మీదో నాకే తెలిసేది కాదు.

తిమింగలం దగ్గర ఇబ్బంది రాలేదు. సీల్‌కూ సముద్రసింహానికీ తేడా ఆయన వేలు పెట్టి చూపించాడు. చెవి బయటికి కనిపిస్తే సముద్రసింహం, కనిపించకపోతే సీల్. తరవాతి రెండు అట్టల దగ్గర ఆగిపోయాం.

"ఈ రెండు ఒకటే గద సార్?"

"కాదండీ. దీని మూతి చూడండి, సీసా మెడలా ముందుకొచ్చింది. ఇది డాల్ఫిన్. ఆ రెండోదానికి మూతి లేనట్టే ఉంది. పోర్పస్ అంటారు దాన్ని."

"మీ దిక్కు ఏమంటరు?"

"మా అమ్మయితే రెంటినీ సముద్రపంది అనే అంటుంది. ఏది పడినా వల చిరిగేది చిరిగేదేగా" అన్నాడు. ఆమె ఎండుచేపలు అమ్మి తనను చదివించిందని అప్పుడే చెప్పాడు. అంతకుముందు బడిలో ఎవరికీ చెప్పినట్టు లేదు.

"రెంటికి ఒకటే పేరు రాస్తే, రెండు బొమ్మలెందుకని పిల్లలు అడుగుతరు సార్. మేము కొస విరిగిన కొడవలిని మొండి కొడవలి అంటం. దీన్ని మొండిమూతి అందామా?"

ఆయన నవ్వాడు. ఆ నెలలో అంతకుముందు ఆయన నవ్వగా నేను చూడలేదు. ఒక అట్టకు 'పొడుగుమూతి సముద్రపంది' అనీ, రెండోదానికి 'మొండిమూతి సముద్రపంది' అనీ పేర్లు పెట్టుకున్నాం.

రెండో పేరు ఆరకముందే గేటు దగ్గర సైకిళ్లు పడేసిన చప్పుడైంది. తరవాత నినాదాలు. సారు లేచి నిలబడ్డాడు. మేం కూర్చున్న సైన్సు గదికి ఒకటే తలుపు. బీరువాకు అవతల గాజుసామాను పెట్టుకునే చోటుకు చెక్కతడక అడ్డం ఉండేది. దాని వెనక్కి పొమ్మని చేత్తో చూపించాను. ఆయన కదల్లేదు. "పోండి సార్" అని గట్టిగా అన్నాక వెళ్లాడు.

పదిమంది దాకా లోపలికి వచ్చారు. వాళ్లలో మా తమ్ముడున్నాడు. నన్ను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. పొడుగ్గా ఉన్న ఒకతను అడిగాడు.

"ఆంధ్ర సార్ ఏడున్నడు?"

"పొద్దుగాల నుంచి రాలే."

అతను బల్ల మీది అట్ట ఎత్తి పైకి చదివాడు. తడి ఇంకు అతని బొటనవేలికి అంటింది. "సముద్రపంది. గీ మాట మనది కాదు. ఎవరు చెప్పిండ్రు నీకు?"

తడక వెనక గాజుసామాను సన్నగా మోగింది. తమ్ముడి చూపు తడక కిందికి పోయింది. ఆ కింద జానెడు సందు ఉంది.

"ఎవరు చెప్పలే. నేనే పెట్టిన" అన్నాను.

"నువ్వు సముద్రం చూసినవా?"

"చూడలే. బొమ్మ చూసి పెట్టిన. పేర్లన్ని నావే."

అతను అట్టను చింపబోయాడు. తమ్ముడు చెయ్యి పట్టుకున్నాడు. "గది మా అక్క చేతిరాత. లేని మనిషి కోసం ఎంతసేపు నిలబడతం? నడువున్రి" అన్నాడు. పొడుగాయన వాడి ముఖంలోకి చూశాడు. అట్టను బల్ల మీదికి విసిరి బయటికి నడిచాడు. మిగతావాళ్లు వెనకే పోయారు. ఆఖరున తమ్ముడు గడప దగ్గర ఆగాడు.

"రేపు పొద్దుగాల సార్‌ను షాబాద్ తొవ్వల పంపియ్యి. శంకర్‌పల్లి స్టేషన్‌కు వద్దు, ఆడ మావోళ్లు ఉంటరు."

"నీకెట్ల తెలిసింది?"

"చెప్పులు కనపడ్డయి. నాకు కొలువు గావాలె అక్క, ఆయన్ని కొట్టుడు కాదు."

సైకిళ్ల చప్పుడు దూరమయ్యాక సారు బయటికి వచ్చాడు. కృతజ్ఞత చెబుతాడనుకున్నాను. ఆయన అట్టను తీసుకుని, చెరిగిన అక్షరాలను చాలాసేపు చూశాడు.

"నన్ను కాపాడారు, కాదనను. కానీ టీచరుగారూ, ఆ మాట మా అమ్మది. మీరు మీదంటుంటే వెనకాల నిలబడి విన్నాను. మా అమ్మదని ఒక్క మాట అనలేకపోయాను."

తమ్ముడు చెప్పిన దారి సంగతి ఆ సాయంత్రమే పెద్దసారు చెవిన వేశాను.

మర్నాడు తెల్లవారాక పెద్దసారు ఎడ్లబండి మాట్లాడారు. నేనూ వెళ్లాను. ట్రంకుపెట్టె ఎక్కించి, పైన ఎండుగడ్డి పరిచారు. ఆయన బండి ఎక్కబోతుంటే పెద్దసారు వినేలా చెప్పాను. "ఆ రెండు బొమ్మల పేరు సార్ వాళ్ల అమ్మది సార్. మొండి, పొడుగు అనుడే మావి. నిన్న నేను అబద్ధం చెప్పిన." పెద్దసారుకు ఏమీ అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. సైన్సు సారు తల ఊపాడు. క్షమించాడో, బండికి ఆలస్యమవుతోందని ఊపాడో, నాకు తెలియలేదు.

షాబాద్ దాటి క్షేమంగా కర్నూలు బస్సెక్కాడని ఆ మర్నాడు మధ్యాహ్నానికి బండివాడు వచ్చి చెప్పాడు. అప్పుడు గాని అన్నం తినలేకపోయాను.

బడి మళ్లీ సరిగ్గా నడిచేసరికి నెలలు పట్టింది. ఆయన తన ఊరి వైపు మిషన్ బడికే బదిలీ చేయించుకున్నాడని విన్నాం. ఆయన చోటుకు షాబాద్ నుంచి ఒకాయన వచ్చాడు, మంచివాడే. తమ్ముడికి కొలువు రావడానికి ఇంకా నాలుగేళ్లు పట్టింది. ఆ రోజు తడక కింద చూసిన సంగతి వాడు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.