అరిటాకు మీద నీళ్లు

ఒక్క గ్లాసుడు మంచినీళ్లతో నేను ఓ ఆపరేషన్ గది పరువు నిలువునా ముంచేశాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. అలవాటైపోయింది.

ఎనభైల చివర్లో బాపట్లలో ఒక నర్సింగ్ హోంలో కొత్తగా చేరిన డాక్టర్ని. అనుభవం సున్నా, గొప్పలు మాత్రం పొంగిపోతున్నాయి. అప్పుడొచ్చింది రత్తమ్మగారు. రేపల్లె బస్టాండు పక్కన మెస్సు నడుపుతుంది. సాంబారు గుండిగ ఒరిగి కుడి చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. చీము పట్టకుండా రోజూ వెండి కలిసిన తెల్లమందు పూసి గుడ్డ కట్టేవాళ్లం. మర్నాడు విప్పబోతే గుడ్డతోపాటు కొత్త చర్మమూ ఊడొచ్చేది. ఆవిడ అరుపులకు వీధిలో రిక్షాలు ఆగిపోయేవి.

"ఈ చెయ్యి ముడుచుకుపోతే గరిటె ఎవరు తిప్పుతారు బాబూ? మెస్సు మూసుకోవాల్సిందే" అని ఏడ్చేది.

లేత అరిటాకు గాయానికి అంటుకోదని ఎక్కడో చదివాను. వెంటనే పెద్ద డాక్టరుగారి ముందు నిలబడ్డాను.

"అరిటాకు కట్టు వేద్దాం సార్."

"చెయ్యి చెడితే?"

"పూచీ నాదండి."

తెనాలిలో మా మేనమామ తోట నుంచి లేతాకులు తెప్పించి, మైదా జిగురుతో గుడ్డకు అంటించి, ఆవిరి పెట్టెలో ఉడికించాం. దానిమీద ఒక్క క్రిమి బతికుంటే ఒట్టు! ఈ హడావిడిలో పొద్దుట్నుంచి నాకు పచ్చి మంచినీళ్లు కూడా లేవు. చేతి తొడుగులేసుకుని స్టూలు మీద కూర్చున్నాక, "దాహం సిస్టర్" అన్నాను. ఆవిడ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, ఆవిరి పెట్టెలోంచి తీసిన మూట విప్పి నా ముందు ఆకు పరిచింది.

మీరే చెప్పండి. ఆకలితో కూర్చున్న మనిషి, ముందు అరిటాకు, పక్కన నీళ్లు. నా ప్రమేయం ఏముందండీ? చెయ్యి దానంతటదే గ్లాసందుకుంది. ఆకు మీద నీళ్లు చల్లింది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా శుభ్రంగా తుడిచింది.



"ఏంటయ్యా," అన్నారు పెద్ద డాక్టరుగారు, "పప్పు కూడా వడ్డించమంటావా?"

నర్సులు గోడకేసి తిరిగి నవ్వుతున్నారు. క్రిములన్నీ మళ్లీ వచ్చి కూర్చున్నట్టే కదా! కాలిన చెయ్యి గాలికి పెట్టుకున్న రత్తమ్మగారు మాత్రం, "అయ్యో, బాబుకి ఆకలేస్తోందండీ! ముందు టిఫిన్ పెట్టించండి" అంది.

బతిమాలితే ఇంకో ఆకు ఆవిరికెక్కింది. నాలుగు ఇడ్లీలు తినొచ్చి, కొత్త ఆకుతో కట్టు కట్టాను. ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు. మర్నాడు ఆకు కొస పట్టుకుని మెల్లగా లేపాను. తడి కాగితంలా ఊరికే జారి వచ్చేసింది.

కళ్లు గట్టిగా మూసుకున్న రత్తమ్మగారు, "ఎప్పుడు మొదలెడతావు బాబూ?" అంది.

"అయిపోయిందమ్మా" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

చెయ్యి పూర్తిగా మానాక భోజనానికి పిలిచింది. మెస్సులో నా ముందు ఆకు వేశారు. నేను రెండు చేతులూ గాల్లోకెత్తి, బొమ్మలా కూర్చుండిపోయాను.

"చల్లుకో బాబూ, ఇది నీదే!" అంటూ ఆవిడ ఆ కుడి చేత్తోనే నెయ్యి గరిటె వంచింది.

ఖాళీ కడుపుతో మళ్లీ ఏ అరిటాకు ముందూ డాక్టరుగా కూర్చోనని, ఆ నెయ్యి సాక్షిగా ప్రమాణం చేశాను.