బాబాయి వెళ్ళొస్తానంటే

బాబాయి వెళ్ళొస్తానన్నాడంటే ఇంకో గంట ఉంటాడని అర్థం. ఒక కాలు చెప్పులో పెడతాడు, రెండో కాలు గడప లోపలే ఉంచుతాడు, అప్పుడు అసలు కబుర్లు మొదలుపెడతాడు. ఓసారి ఆసుపత్రిలో ఎవరినో పలకరించి వెళ్ళొస్తానన్నాడట. చివరికి ఆ రోగే కోలుకుని, ఆయన్ని వీధి మలుపుదాకా సాగనంపాడని చెప్పుకుంటారు.

బాబాయి వదిన ఆ మాట వినగానే టీకి నీళ్ళు పెట్టేది.

"వెళ్తానన్నావు కదయ్యా?"

"వెళ్తాననలేదు వదినా, వెళ్ళొస్తానన్నాను. వెళ్ళాను, వచ్చాను."

ఆ వదిన కూతురికి మాటలు తక్కువ. ఎదుట మనిషి ఉంటే గిటారు తీగ మీద వేలైనా పడదు. బాబాయి వెళ్ళొస్తాననగానే గదిలో దూరి, తలుపేసుకుని వాయించుకునేది. ఆమె కోసం బాబాయి, రేడియోలు బాగుచేసే మనిషి కనక, బిస్కెట్ల డబ్బాలో ఓ యంత్రం బిగించి ఇచ్చాడు. గిటారుకీ స్పీకరుకీ మధ్య పెట్టి కాలితో నొక్కితే తీగలు గర్జిస్తాయి. మళ్ళీ నొక్కితే డబ్బా తప్పుకుని, గిటారు మామూలుగా పలకాలి.

పలకడం లేదు. డబ్బా ఆపేస్తే గిటారు దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టుంది. ఆ సాయంత్రమే గ్రంథాలయం హాల్లో ఆమె మొదటిసారి నలుగురి ముందు వాయించాలి.

"నావల్ల కాదు బాబాయ్. లోపం నా వేళ్ళలోనే ఉంది. రానని చెప్పేస్తా."

"వేళ్ళనెందుకు తిడతావే? ముందు డబ్బా తీసేసి, గిటారుని సూటిగా స్పీకరుకి పెట్టు."

పెట్టింది. గంటలా మోగింది. మధ్యలో డబ్బా పెట్టి, దాన్ని ఆపేసే ఉంచి వాయించింది. మళ్ళీ దుప్పటి.

"వేళ్ళు అవే కదా? ఇక డబ్బానే తిట్టు!"

మూత విప్పారు. బాబాయి ప్రతి అతుకూ కదిపి చూసి, అన్నీ గట్టిగానే ఉన్నాయని మీసం దువ్వుకున్నాడు. అమ్మాయి వేలు మాత్రం డబ్బాలోని తీగల వెంబడి పోయి పోయి స్విచ్చి దగ్గర ఆగింది.

"బాబాయ్, ఆపినప్పుడు బయటికెళ్ళే తీగొక్కటే విడిపోతోంది. గిటారు నుంచి వచ్చేది యంత్రానికి ఇంకా అంటుకునే ఉంది. స్వరంలో మెరుపంతా అదే తాగేస్తోంది." నవ్వాపుకుంది. "వెళ్ళొస్తానని చెప్పి గుమ్మంలోనే నిలబడింది."

వంటింట్లోంచి తల్లి అందుకుంది. "చేసినవాడి పోలిక ఎక్కడికి పోతుందే!"

బాబాయి మూడు కాళ్ళ స్విచ్చి పీకేసి ఆరు కాళ్ళది పెట్టాడు. ఇక ఆపితే రెండు వైపులా ఒకేసారి విడిపోతాయి. "మొన్నటి నుంచీ నాకు అనుమానమే, మసగ్గా వినిపిస్తోందని," అన్నాడు టంకం మీద ఊదుతూ.

"నీకెలా వినిపించింది? నీ ముందు నేనెప్పుడూ వాయించలేదుగా?"

బాబాయి చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

"నేను వెళ్ళొస్తానంటేనే కదే నువ్వు వాయించేది. అందుకని... అంటుంటాను."

సాయంత్రం హాల్లో అన్ని కళ్ళూ ఆమె మీదే. డబ్బా బాగానే ఉంది, వేళ్ళే కొయ్యబారిపోయాయి. ముందు వరసలోంచి బాబాయి లేచాడు.

"అమ్మాయ్, నేను వెళ్ళొస్తా!"

ఆ అరుపుకి హాలంతా ఆయన వైపు తిరిగింది. ఆమెను చూసేవాళ్ళు ఒక్కరూ లేరు. బాబాయి దర్జాగా నడిచి తలుపు దాటాడు. తలుపు మూసుకుంది గానీ, పూర్తిగా కాదు. సందులో ఓ చెప్పు అడ్డంగా ఉంది.

ఆమె తల వంచుకుని నవ్వుకుంది. వాయించడం మొదలుపెట్టింది.