ఈశాన్యంలో చిమ్నీ

2023 అక్టోబరు. కెనడాలోని ఓక్‌విల్‌లో ఆకులు రాలి ఇళ్ళ చూరు గట్టర్లు నిండే రోజులు. చిమ్నీ పని చేసే మాకు అదే పండగ సీజన్. వేసవి అంతా చిమ్నీ ఊసెత్తని వాళ్ళందరికీ మొదటి చలిగాలి తగలగానే ఒక్కసారిగా అది గుర్తొస్తుంది. అలాంటి ఒక ఉదయం ప్రసాద్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఫోన్ చేశాడు. భీమవరం వైపు వాళ్ళు. ఆ వసంతంలోనే ఇక్కడ ఒక పాత ఇటుక ఇల్లు కొన్నారు.

"బ్రదర్, మీ నంబరు చర్చిలో ఇచ్చారు. మా చిమ్నీ పైన మూసెయ్యాలి. చేస్తారా?"

"లైనర్ మార్చాలా, మూసెయ్యాలా?"

"మూసెయ్యాలి. మీరు రండి, చెప్తాను."

మా పని తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. పాత ఇళ్ళలో బయటికి కనిపించే ఇటుక కట్టడం చిమ్నీకి ఒళ్ళు మాత్రమే. లోపల కాల్చిన మట్టి గొట్టాలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. దాన్ని లైనర్ అంటాం. పొగ, విషవాయువులు ఇటుకల సందుల్లోంచి ఇంట్లోకి జారకుండా ఆకాశంలోకి పంపేది అదే. ఏళ్ళ తరబడి తడికి, ఆమ్లానికి ఆ మట్టి పొరలు పొరలుగా ఊడిపోతుంది. చలి ముదరకముందే పైనుంచి స్టీలు గొట్టం ఒకటి లోపలికి దించడం మా పని.

నేను వెళ్ళేసరికి ప్రసాద్ ఇంటి ముందు డ్రైవ్‌వేలో నిలబడి ఉన్నాడు. నా చేతిలోని నిచ్చెన దించకముందే తన ఫోన్లో దిక్సూచి తెరిచి నా ముందు పెట్టాడు.

"చూశారా, కరెక్ట్‌గా ఈశాన్యం. అక్కడ బరువు ఉండకూడదు, నిప్పు అసలే ఉండకూడదు. హైదరాబాద్‌లో ఒకాయన వీడియో కాల్‌లో ఇల్లంతా చూశారు. పైన రాగిరేకు వేసి సీల్ చేయించమన్నారు. లేకపోతే ఇల్లు అమ్మేయమన్నారు."

"అసలు ఇంటికి ఏమైంది?"

"మా అత్తయ్య గారికి రోజూ సాయంత్రం తలనొప్పి. రెండుసార్లు వాంతులు కూడా అయ్యాయి. మా ఆవిడ గ్రేస్‌కి కళ్ళు తిరుగుతున్నాయి. సమ్మర్‌లో ఏమీ లేదు. ఇప్పుడే మొదలైంది. ఇల్లు అమ్మిపెట్టే రియల్టర్‌తో కూడా మాట్లాడేశాను బ్రదర్."

"మీరు చర్చికి వెళ్ళేవాళ్ళు కదా, మీకు వాస్తు ఏమిటి?"

"వాస్తు మతం కాదు బ్రదర్. అది సైన్స్."

మతాలు మారినా, దేశాలు మారినా, ఖండాలు దాటినా ఈ ఒక్క మాట మాత్రం పాస్‌పోర్టు అవసరం లేకుండా మనవాళ్ళతో ప్రయాణిస్తుంది. నేను తెనాలిలో చదువుకునే రోజుల్లో వాస్తుకు వ్యతిరేకంగా సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. ఇటుకల బరువు ఏ దిక్కున పడిందో కొలిచే ఆ విద్య, ఆ ఇటుకల లోపల ఏం జరుగుతోందో తొంగి చూడదు. ఎదుటివాడి భయాన్ని చూస్తుంది, దానికి ఒక దిక్కు పేరు పెడుతుంది. ఇక్కడ ఆ విద్య చెప్పిన పరిహారం చిమ్నీ మూసెయ్యడం. అది వినగానే నా వాదమంతా పక్కన పెట్టాను. "ముందు బేస్‌మెంట్ చూపించండి" అన్నాను.

కింద ఇల్లంతా వెచ్చబెట్టే కొత్త ఫర్నేస్ ఉంది. దాని గొట్టం గోడలోంచి నేరుగా బయటికి పోతోంది. పక్కనే ఉన్న పాత గ్యాస్ వాటర్ హీటర్ మాత్రం ఒంటరిగా చిమ్నీకి తగిలించి ఉంది. మా పనిలో దాన్ని అనాథ హీటర్ అంటాం. ఒకప్పుడు పెద్ద ఫర్నేసూ అదీ కలిసి చిమ్నీని వెచ్చగా ఉంచేవి. ఇప్పుడు ఈ చిన్నదాని వేడి అంత పెద్ద చిమ్నీకి చాలదు. ఆవిరి లోపలే నీరై మట్టి గొట్టాలను తినేస్తుంది. చిమ్నీ అడుగున ఉండే చిన్న ఇనప తలుపు తెరవగానే ఎర్రటి పెంకులు, మట్టి పొడి నా బూట్ల మీద పడ్డాయి.

"ప్రసాద్ గారూ, పైన మూసేస్తే ఈ హీటర్లో కాలిన గ్యాస్ ఎటు పోతుంది?"

"చిమ్నీ ఫైర్‌ప్లేస్‌ది కదా. మేం ఫైర్‌ప్లేస్ వాడం."

"దీనిదీ అదే దారి. మూసేస్తే అదంతా ఇంట్లోకే వస్తుంది. అప్పుడు తలనొప్పితో ఆగదు."

అతను హీటర్ గొట్టాన్ని చేత్తో తడుముతూ అది చిమ్నీలోకి దూరిన చోటిదాకా వెళ్ళాడు. 

అప్పుడే మెట్ల పైనుంచి ఒక గొంతు. గ్రేస్ వాళ్ళ అమ్మ సువార్తమ్మ గారు. స్వెట్టరు మీద స్వెట్టరు, తలకు మఫ్లరు.

"బాబూ, నీకొకటి చెప్పాలి. నాకు శుక్రవారం తలనొప్పి రాదు."

"అత్తయ్య గారూ, ఆయన చిమ్నీ చూస్తున్నారు."

"చూడనీ. చెవులతో చూడట్లేదు కదా." ఆమె మెట్టు మెట్టుగా దిగి వచ్చింది. "శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. ఆ రోజు సైతాను గుమ్మం తొక్కడు. మిగతా రోజులు సాయంత్రం అయ్యేసరికి తల పగిలిపోద్ది."

సైతాను అన్న మాట దగ్గరే ఆమెను ఆపి వాదన మొదలుపెట్టవచ్చు. కానీ ఆ మాటకు ముందున్న మాట నన్ను పట్టుకుంది. వారంలో ఒక రోజు రాని తలనొప్పికి ఏదో కారణం ఉండి తీరాలి.

"శుక్రవారం వంట ఎక్కడ చేస్తారమ్మా?"

"గరాజ్‌లో. అంతమందికి బిర్యానీ ఈ బొమ్మ పొయ్యి మీద అవుద్దా? గరాజ్ తలుపెత్తి పెద్ద బర్నరు పెడతాం."

"మిగతా రోజులు?"

జవాబు వెనకే వచ్చిన గ్రేస్ చెప్పింది. "కిచెన్‌లోనే అండి. చలికి కిటికీలన్నీ మూసి, పొయ్యి పైన హుడ్ ఫ్యాను ఫుల్‌లో పెడతాను. లేకపోతే వింటర్ జాకెట్లన్నీ పోపు వాసన. ఆఫీసులో లిఫ్ట్ ఎక్కాలంటే సిగ్గుగా ఉంటుంది."

"హుడ్ మామూలుది కాదు బ్రదర్," అన్నాడు ప్రసాద్, కొంచెం గర్వంగానే. "రెస్టారెంట్ టైపు. ఇల్లు కొనగానే పెట్టించాం. కిటికీలు కూడా కొత్తవి."

నాకు కథ అర్థమైంది. కిటికీలు మార్చి సందులన్నీ బిగించిన ఇంట్లో అంత పెద్ద ఫ్యాను గాలిని బయటికి తోడేస్తుంటే, ఆ మేరకు గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి. మిగిలిన దారి చిమ్నీ ఒక్కటే. పైకి పోవాల్సినది కిందికి వస్తుంది. శుక్రవారం వంట గరాజ్‌లో కాబట్టి ఆ రోజు హుడ్ తిరగదు, తలనొప్పీ రాదు. పెంకులు అడ్డుపడిన చిమ్నీలో అది ఇంకా సులువు. చెప్పి ఒప్పించడం కంటే చూపించడం మేలనుకున్నాను. వేడినీళ్ళ కుళాయి తిప్పించి హీటర్ వెలిగేలా చేశాను. హీటర్ పైన గొట్టం మొదట్లో ఒక సందు ఉంటుంది. గాలి ఎటు లాగుతోందో తెలియడానికి అక్కడ పొగపుల్ల వెలిగించి పట్టుకున్నాను. పొగ బద్ధకంగా పైకే పోయింది.

"గ్రేస్ గారూ, పైకెళ్ళి హుడ్ వెయ్యండి."

"ఎంతలో?" అని కేక.

"మీరు రోజూ ఎంతలో వేస్తారో అంతలో."

పైన ఫ్యాను గర్జించింది. పొగ ఒక్క క్షణం వణికింది. తర్వాత వెనక్కి తిరిగి నేరుగా ప్రసాద్ ముఖం మీదికి వచ్చింది. నా నడుముకున్న మీటరు కీచుమని అరవడం మొదలుపెట్టింది. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే మీటరు అది. వెంటనే హీటర్ ఆపేశాను, హుడ్ ఆపించాను, కిటికీలు తెరిపించాను, అందరినీ డ్రైవ్‌వేలోకి పంపాను. గ్యాస్ కంపెనీ అత్యవసర నంబరుకు ఫోన్ చేశాను.

బయట చలిలో నిలబడి అడిగాను. "ఇంట్లో పొగకీ ఈ గ్యాస్‌కీ అరిచే అలారం లేదా?"

మొగుడూ పెళ్ళాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గ్రేస్ నెమ్మదిగా అంది. "ఉంది. పోపు వేసినప్పుడల్లా అరుస్తోందని బ్యాటరీ తీసేశాం."

"దానికి స్నానం టోపీ కూడా తొడిగారు బాబూ. నేను వద్దంటూనే ఉన్నా."

"మమ్మీ, టోపీ తొడిగింది నువ్వే."

"నువ్వు తెచ్చిచ్చావు కాబట్టి తొడిగా."

గ్యాస్ కంపెనీ మనిషి వచ్చి హీటర్‌కు ఎర్ర ట్యాగ్ కట్టాడు. చిమ్నీ బాగయ్యేదాకా దాన్ని వెలిగించకూడదని అర్థం. నేను గట్టిగా చెబితే తల్లీకూతుళ్ళు ఆసుపత్రికి వెళ్ళి రక్తపరీక్ష చేయించుకున్నారు. ఆక్సిజన్ పెట్టి, ప్రమాదం లేదని సాయంత్రానికి పంపించారు. హీటర్ ముట్టుకోవద్దని మరోసారి చెప్పి వచ్చాను.

మర్నాడు నేనూ, నాతో పనిచేసే గుర్మీత్ కప్పెక్కాం. కెమెరా దించితే లోపల సగం గొట్టాలు చెదలు తిన్న తలుపులా ఉన్నాయి. మెలికలు తిరిగే స్టీలు లైనర్ మూతికి తాడు కట్టి, కింద ఒకరు లాగుతూ పైన ఒకరు తోస్తూ చిమ్నీలోకి దించాం. కింద హీటర్‌కు కలిపాం. పైన మూతపలక బిగించి, వాన పడకుండా టోపీ పెట్టాం. సువార్తమ్మ గారు కింద నిలబడి, "అలారానికి పెడితే తప్పు, చిమ్నీకి పెడితే ఒప్పా?" అంది. కప్పు మీద గుర్మీత్‌కు హిందీలో చెప్తే నవ్వు ఆపుకోలేక నిచ్చెన పట్టుకున్నాడు.

మళ్ళీ పొగపుల్ల వెలిగించాను. హుడ్ ఫుల్‌లో వేయించాను. పొగ గీత గీసినట్టు నిటారుగా పైకి పోయింది. అయినా వంట చేసేటప్పుడు ఒక కిటికీ కాస్త తెరవాల్సిందేనని చెప్పాను.

"మరి ఈశాన్యం?" అన్నాడు ప్రసాద్ మొహమాటంగా.

"ఈశాన్యం ఉన్నచోటే ఉంది. గ్యాసే బయటికి పోయింది."

"మా శుక్రవారం ప్రార్థనల వల్లే దేవుడు నిన్ను పంపాడు బాబూ," అంది సువార్తమ్మ గారు.

"నేను దేవుణ్ణి నమ్మనమ్మా."

"ఆయన అవేం చూడడులే. పని వచ్చా రాదా అని చూస్తాడు."

జీవితంలో చాలామంది పండితులతో వాదించాను. ఇంత హాయిగా ఓడిపోయింది ఆమె దగ్గరే. నిజానికి ఆమె చెప్పిన కారణం తప్పు, ఆమె గమనించిన విషయం నూటికి నూరుపాళ్ళు ఒప్పు. వాస్తు చెప్పినాయన దిక్కు అడిగాడు, రోజు అడగలేదు. జవాబు ముందే జేబులో పెట్టుకుని వచ్చినవాడికి ప్రశ్న వేసే అవసరం ఉండదు. మూఢనమ్మకం చేసే అసలు హాని అదే. కానీ ఎదుటివాళ్ళ నమ్మకాన్ని వెక్కిరించే తొందరలో వాళ్ళ కళ్ళు చూసినదాన్ని కూడా కొట్టిపారేస్తే, హేతువాది చేసేదీ అదే పని. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా నిచ్చెన వేయకముందే అడుగుతాను: ఏ రోజు బాగుంటుంది, ఆ రోజు మీరు ఏం చేస్తారు?

ఇల్లు అమ్మలేదు. డిసెంబరులో ఒక శుక్రవారం బిర్యానీకి పిలిచారు. ప్రార్థన అయ్యాక వెళ్దామనుకున్నా, ఆకలి ముందే తీసుకెళ్ళింది. హాలు నిండా జనం, ఒళ్ళో పాటల పుస్తకాలు. సువార్తమ్మ గారు లేచి చీపురు కర్ర చివరతో సీలింగ్ మీది అలారం బటన్ నొక్కింది. అది చెవులు పగిలేలా అరిచింది. ఒక పసిబిడ్డ ఏడుపు అందుకుంది. ఆమె కర్ర గోడకు ఆనించి తీరిగ్గా కూర్చుంది.

"పనిచేస్తోంది. ఇక పాట అందుకోండి."