ఏ విల్లోనో తెలియని దుంగ

కెనడాలోని సర్రేలో నేను అద్దెకున్న బేస్‌మెంట్ తలుపును ఒక శనివారం పొద్దున ఇంటి ఓనరు తట్టారు. ఆయన ఫిజీలో పుట్టిన తెలుగాయన. ఎప్పుడో చెరుకు తోటల పనికి ఓడెక్కిన కుటుంబం వాళ్లది. ఇక్కడికొచ్చాక కిచెన్ క్యాబినెట్లు బిగించే పని చేసి రిటైరయ్యారు. ఆయన తెలుగు నాకు సగం అర్థమయ్యేది. నా కరీంనగర్ తెలుగు ఆయనకు అంత కూడా అందేది కాదు.

"చెట్టు పడ్డాది అమ్మీ. దుంగ తెచ్చినాం. ఒక చెయ్యి వెయ్యాల" అన్నారు.

"ఎవరి మీద పడ్డది అంకుల్?" అని కంగారుగా అడిగాను.

"ఎవరి మీదా లేదు. బ్యాటుకి."

నాకు ఏమీ బోధపడక చెప్పులేసుకుని బయటికి వెళ్లాను. ముందురోజు వీచిన గాలికి వీధి చివర కాలువ పక్కనున్న పెద్ద విల్లో చెట్టు కూలిందట. క్రికెట్ బ్యాట్లు విల్లో కర్రతోనే చేస్తారట. ఆ ఇంటివాళ్లు తీసుకుపొమ్మంటే మాను కోయించి, ఒక్కో ముక్క క్రికెట్ బ్యాటు పొడవు వచ్చేలా చేయించి తెచ్చారు. డ్రైవ్‌వే నిండా దుంగలే.

"నేనెందుకు అంకుల్?"

"మీది హైదరాబాదు కదా. క్రికెట్ తెలుస్తాది."

"మాది కరీంనగర్. నాకు క్రికెట్ రాదు."

"రాకపోతే పోనీ, పట్టుకో" అని ఆయన, దుంగలో దిగ్గొట్టి చీల్చే ఇనుప వెడ్జ్ నా చేతిలో పెట్టారు.

నాకు కాదనడానికి వేరే పనేం లేదు. ఆ ఏడాది మా కాలేజీలో ఏ క్లాసులోకి తొంగిచూసినా మనవాళ్లే. వారానికి రెండు రోజులు క్లాసులు, మిగతా రోజులు రెజ్యూమె పట్టుకుని తిరగడం. బీఫార్మసీ చదివిన నన్ను కన్సల్టెన్సీవాళ్లు సప్లై చెయిన్ డిప్లొమాలో చేర్చారు. అదెందుకు చదువుతున్నానో అప్పటికి నాకు తెలియదు. కనీసం ఈ దుంగనెందుకు చీలుస్తున్నామో ఒకరికైనా తెలిసి ఉంటుందనుకున్నాను.

ఆయన సమ్మెటతో కొడుతుంటే దుంగ మధ్యలోంచి అంచుదాకా చీలేది. చీలికలోంచి నీళ్లు ఊరేవి. పచ్చి విల్లోలో అంత నీరుంటుందని నేననుకోలేదు. పుచ్చకాయ ముక్కల్లా విడగొట్టాక, బెరడు వైపు తెల్లటి కర్ర, లోపలి వైపు గోధుమ రంగు. తెల్లటి కర్రే బ్యాటుకు మంచిదట. గీతలు నిటారుగా, పై నుంచి కింద దాకా వంకర లేకుండా ఉండాలట. ఆయన ఒక్కో ముక్కను వెలుగుకు ఎత్తి చూసి, నా వైపు తిప్పి, "ఇది బాగుందా?" అనేవారు.

"మీకు తెల్వదా అంకుల్?"

"నేనూ ఇదే మొదలు. వీడియోలు చూసినాను."

"మంచిగనే ఉంది" అనేదాన్ని. ఆయన నమ్మి ఆ ముక్కను పక్కన పెట్టేవారు. నమ్మినప్పుడల్లా నాకు గాభరాగా ఉండేది.

కోసిన చివర్లు వెంటనే మూసేయకపోతే కర్ర అటునుంచే ఆరిపోయి పగులుతుంది. అందుకని వేడి మైనంలో ముంచాలి. మైనం కరిగించడానికి ఆయన తెచ్చిన గిన్నె వాళ్లావిడ, మా ఆంటీ, పప్పు వండే గిన్నె. ఆంటీదీ ఫిజీనే. కానీ ఇంట్లో హిందీ మాట్లాడే కుటుంబం, తెలుగు ఒక్క ముక్క రాదు. నేను గిన్నె కలుపుతుంటే పక్కకొచ్చి నిలబడి ఇంగ్లీషులో గొంతు తగ్గించి అడిగారు.

"ఇదంతా ఎందుకు చేస్తున్నాడో మీ భాషలో అడిగి చెప్పు. నాకు చెప్పట్లేదు."

అడిగాను. "ఊరికే, చేతులు ఊరుకోవు" అన్నారు. అదే ఆంటీకి చెప్పాను.

"నాతో అమ్ముతానన్నాడే" అన్నారావిడ.

అప్పుడే కంచె దగ్గరికొచ్చిన పక్కింటాయనతోనైతే మనవడి కోసమన్నారట. వాళ్లకు మనవడు లేడు. ముగ్గురం మూడు మాటలు పెట్టుకుని నిలబడ్డాం. ఇంకోసారి అడుగుదామంటే ఆయన అప్పటికే గ్యారేజీలో చీలికలు పేర్చుకుంటున్నారు.

చీలికల మధ్య గాలాడేలా అటొకటి ఇటొకటి అడ్డంగా పేర్చి, చలికాలమంతా చిన్న ఫ్యాను, తేమ లాగే మెషీను పెట్టి ఆరబెట్టారు. మనుషులు ఎక్కే వెయింగ్ మెషీను మీద అప్పుడప్పుడూ తూచేవాళ్లం. బరువు తగ్గడం ఆగిపోతే కర్ర ఆరినట్టు. కొన్ని మైనం వేసినా పగిలాయి. పగిలినవీ పగలనివీ ఒకే దుంగలోవి. ఎందుకలా అంటే ఆయన భుజాలెగరేసేవారు.

ఆ చలికాలంలోనే నా రూమ్మేట్ ఎడ్మంటన్ వెళ్లిపోయింది. "అక్కడ జాబ్స్ ఉన్నయంటున్నరు, నువ్వు కూడా రా, ఇక్కడ ఏమున్నది నీకు?" అంది. ఆ ప్రశ్నకు నాకు తట్టిన జవాబు గ్యారేజీలో తడి కర్రలు. అది బయటికి చెప్పలేక, ఆలోచిస్తానన్నాను.

ఎండలు మొదలయ్యాక అంకుల్, బ్యాట్లు రిపేరు చేసే ఒకాయన్ని పిలిపించారు. ఆయన చీలికను గోటితో నొక్కి, చెక్క సుత్తితో తట్టి, వాసన చూశారు. బ్యాట్లకు వాడే రకం విల్లో కాదన్నారు. మళ్లీ తట్టి, పూర్తిగా కాదనీ చెప్పలేమన్నారు. కొమ్మలు కిందికి వేలాడే విల్లో, తెల్ల విల్లో కలిసి పుట్టిన చెట్టై ఉండొచ్చట.

"ఐతే చెయ్యొచ్చా, చెయ్యకూడదా?" అని అంకుల్ అడిగారు.

"చేసి చూడండి" అని ఆయన కారెక్కారు.

అంకుల్ ఉన్నవాటిలో గీతలు సరిగ్గా ఉన్న ఒకదాన్ని చిత్రిక పట్టి, రోలరు కింద నొక్కించి, కొనితెచ్చిన పిడిని జిగురుతో బిగించి బ్యాటు చేశారు. ఒక ఆదివారం మా కాలేజీ కుర్రాళ్లు స్కూలు గ్రౌండులో ఆడుతుంటే ముగ్గురం వెళ్లాం. ఆంటీ కారులోనే కూర్చున్నారు.

ఒకబ్బాయి ఆ బ్యాటు తీసుకుని కొన్ని బంతులు బాగానే కొట్టాడు. చప్పుడు బాగుంది. ఆ తర్వాత ఒక వేగమైన బంతికి, పిండిలో బొటనవేలు దిగినట్టు బ్యాటు మొహం మీద గుంట పడింది. వాడు మొహమాటపడుతూ బ్యాటు తెచ్చిచ్చాడు.

"మస్తు లైట్ ఉంది అంకుల్. కానీ మెత్తగుంది."

ఆయన నా వైపు తిరిగారు. "మస్తు అంటే?"

"చాలా."

"అంటే బాగుందా, బాలేదా?"

అంతలో ఆంటీ కారు దిగి గడ్డిలో నడుచుకుంటూ వచ్చారు. బ్యాటు అడిగి తీసుకుని, వికెట్ల ముందు నిలబడి, మోకాళ్లు కొంచెం వంచి, బంతి వేయమని సైగ చేశారు. కుర్రాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకడు మెల్లగా వేశాడు. ఆవిడ వదిలేశారు. సరిగ్గా వేయమన్నారు. రెండోది ఆవిడ తల కదపకుండా, మణికట్టు తిప్పి, ఎడమ పక్కకు పంపారు. అది కంచెదాకా పోయింది. ఇంకొకటీ అంతే.

అంకుల్ నోరు తెరిచి చూస్తున్నారు. నేను పక్కకెళ్లి, "ఆంటీ కోసమే చేసిన్రా?" అని అడిగాను.

"ఏమో అమ్మీ. ఆవిడ ఆడతాదని నాకు ఈ రోజే తెలిసినాది."

ఇన్నేళ్ల కాపురంలో ఎందుకు చెప్పలేదని తర్వాత ఆంటీని అడిగాను. స్కూల్లో ఉన్నప్పుడు అన్నలతో ఆడేవారట, పెళ్లయ్యాక మానేశారట. "ఎవరూ అడగలేదు" అన్నారు. కోపంతో అన్నారో, మామూలుగా అన్నారో నేను పోల్చుకోలేకపోయాను.

ఆ ఎండాకాలం అయ్యాక నేనూ ఎడ్మంటన్ వెళ్లాను. ఒక ఫార్మసీలో అసిస్టెంటుగా చేరాను. అదే సరైన పనో కాదో తేల్చుకోవడానికి చాలా కాలం పట్టింది. అంకుల్ మిగిలిన చీలికల్లోంచి కొంచెం పొట్టిగా, సన్న పిడితో ఇంకో బ్యాటు చేశారని విన్నాను. దాని మీదా గుంటలు పడుతూనే ఉన్నాయట.

ఆంటీ బ్యాటు పట్టిన ఆ ఆదివారం గ్రౌండు నుంచి తిరిగొస్తుంటే నేను వెనక సీట్లో కూర్చున్నాను. ముందు వాళ్లిద్దరూ ఫిజీ హిందీలో మాట్లాడుకుంటున్నారు. నాకొచ్చిన హైదరాబాదు హిందీకి అది అందలేదు. ఆవిడ ఏదో పొడుగ్గా చెప్పారు. ఆయన నవ్వారు. సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు ఆయన ఏదో అడిగారు, ఆవిడ కిటికీలోంచి చూస్తూ తలూపారు. ఏమన్నారని అడుగుదామని ముందుకు వంగాను. ఎవరిని, ఏ భాషలో అడగాలో తోచక మళ్లీ వెనక్కి ఆనుకున్నాను.