అనుమానం ఎవరి మీద

ఆ గొంతు మొదటిసారి విన్నప్పుడు పిండి గిర్నీ ఆడుతోంది. సగం మాటలు వినబడలేదు. మోటారు ఆపి, ఫోన్ చెవికి ఆనించి ఎవరని అడిగాను. "నీ చెయ్యి ఆ రాళ్ల నడుమ వెట్టి తిప్పుతా. పిండి ఎర్రగ వస్తది," అన్నాడు. కోపం లేదు, తొందర లేదు. ఫోన్ మీద నంబరు కూడా లేదు, ప్రైవేట్ నంబర్ అని మాత్రం ఉంది.

బన్సీలాల్‌పేట్ మెట్లబావి వెనక గల్లీలో పంతొమ్మిదేళ్లుగా పిండి గిర్నీ నడుపుతున్నాను. నా ఫోన్ నంబరు షట్టర్ మీద మూరెడంత అంకెలతో రాయించాను. గోధుమలు పట్టావా, జొన్నలు ఎప్పుడిస్తావు అని రోజంతా ఫోన్లు వస్తాయి. వాటి మధ్యలో ఇతను. పదకొండు దాటాక, జనం డబ్బాలతో వరుసలో నిలబడ్డ వేళ చూసి చేసేవాడు. ఎత్తకపోతే ఎత్తేదాకా మోగించేవాడు. ఒకరోజు చెయ్యి విరుస్తానన్నాడు. ఒకరోజు మొహం మీద యాసిడ్ పోస్తానన్నాడు. రెండో వారంలో పొద్దున షట్టర్ దగ్గరికి పోయేసరికి నా నంబరు మీద ఇటుకతో బాదిన సొట్టలు. ఇటుక అక్కడే రెండు ముక్కలై పడి ఉంది.

ఆ రోజు నుంచి ఇనుప రాడ్ ఒకటి తూకం పక్కన పెట్టుకున్నాను. ఎవడైనా లోపలికి వస్తే తల పగలగొట్టాలని నిజంగానే అనుకున్నాను. ఎక్కడ కొట్టాలో, ఎన్ని దెబ్బలకు పడతాడో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

ఠాణాలో కాగితాలు రాసే కానిస్టేబుల్‌ను రైటర్ అంటారు. మొదటిసారి పోయినప్పుడు నంబరు బ్లాక్ చేసుకొమ్మన్నాడు. కనబడని నంబరును ఎట్లా బ్లాక్ చేయాలని అడిగితే, అట్లయితే సిమ్ మార్చమన్నాడు. షట్టర్ మీది నంబరు నువ్వొచ్చి గీకుతావా అన్నాను. అక్కడున్న ముగ్గురు నవ్వారు. ఆ ముగ్గురి మొహాలూ నాకు గుర్తున్నాయి. ఒకతనికి పైపన్ను సగం విరిగి ఉంది. రెండోసారి మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి, సార్ బందోబస్తుకు పోయాడని పంపేశారు. మూడోసారి నోటుబుక్కు తీసుకుపోయాను. ప్రతి ఫోనూ ఏ రోజు, ఏ సమయానికి వచ్చింది, ఏమన్నాడు, అన్నీ రాసి ఉన్నాయి. రైటర్ నాలుగు పేజీలు తిప్పి, తెల్లకాగితం నా ముందుకు జరిపాడు.

"అనుమానం ఎవరి మీద?"

తెలిస్తే మీ దగ్గరికి ఎందుకొస్తానన్నాను.

"పేరు లేకుంటే సార్ ముట్టడు. జెర యాద్ చేస్కో అమ్మా. నీకు ఒక్క దుష్మన్ సుత లేడా?"

నంబరు దాచినా ఫోన్ కంపెనీ దగ్గర ఉంటుందట. కానీ దానికి పై ఆఫీసరు సంతకంతో ఉత్తరం పోవాలి, జవాబుకు వారాలు పడుతుంది. పేరుంటే మనిషిని పిలుస్తారు, అరగంట పని. ఇదంతా ఆయనే చెప్పాడు, చాయ్ తాగుతూ.

దుష్మన్ ఉన్నాడు. నా గిర్నీకి ఎదురుగా మిక్సీలు బాగుచేసే అతను. ఎనిమిదేళ్ల కింద, నా పిండి దుమ్ము అతని సామాన్ల మీద పడుతోందని గొడవకొచ్చి, ఇరవైమంది ముందు నన్ను పిండి దయ్యం అన్నాడు. నా తల, కనుబొమలు తెల్లగా ఉన్నాయి, నిజమే. అందరూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత రెండు మూడుసార్లు అక్కా అని పలకరించాడు. నేను పలకలేదు. అతని భార్య వస్తే గోధుమలు పట్టి ఇచ్చేదాన్ని, ఆమెతో కూడా మాట్లాడేదాన్ని కాదు.

అతని పేరు రాశాను.

మర్నాడు పొద్దున పదకొండింటికి అతన్ని పిలిపించారు. నన్ను కూడా ఎస్సై గదిలో గోడవారగా కూర్చోబెట్టారు. అతను చేతికి గ్రీజుతోనే వచ్చాడు. దండం పెట్టబోతే ఎస్సై లేచి చెంప మీద కొట్టాడు. అడగడం తర్వాత మొదలైంది. ఆడమనిషికి ఫోన్లు చేస్తావురా అంటూ రెండో చెంప. అతను కిందికి వంగితే వీపు మీద మోచేత్తో గుద్దాడు. బీరువాకు తగిలి పడ్డాడు. జుట్టు పట్టి లేపి, అరచెయ్యి పూర్తిగా చాచి చెవి మీద కొట్టాడు. ఆ చప్పుడు మిగతా వాటిలా లేదు. చెవిలోంచి సన్నగా నెత్తురు కాలర్ మీదికి దిగింది.

అతను నన్ను చూశాడు. "అక్కా, నువ్వు చెప్పు. అది నా గొంతేనా?"

కాదు. మొదటిరోజు నుంచీ నాకు తెలుసు. పంతొమ్మిదేళ్లుగా గల్లీకి అటుపక్క నుంచి అతని గొంతు వింటూనే ఉన్నాను. ఫోన్‌లోది బొంగురు గొంతు, నిదానం. గొంతు మార్చి మాట్లాడుతున్నాడేమోనని నాకు నేనే చెప్పుకున్నాను. అప్పుడైనా కాదు అనాల్సింది. నోరు తెరవలేదు. ఇంకొక దెబ్బ పడింది.

ఇంతలో నా ఒళ్లో ఫోన్ మోగింది. ప్రైవేట్ నంబర్. ఎస్సై లాక్కుని స్పీకర్ పెట్టాడు. ఆ బొంగురు గొంతు గదంతా వినబడింది. "ఇయాల గిర్నీ సప్పుడు లేదు, ఎందుకు తెరవలె? చెయ్యి నొప్పి లేసిందా?" ఎస్సై బూతులు మొదలుపెట్టేసరికి అటువైపు నవ్వి పెట్టేశాడు.

ఎస్సై చెయ్యి రుమాలుకు తుడుచుకుని, మిక్సీల అతనికి తలుపు చూపించాడు. సారీ అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. "ఇగ కంపెనీకి రాస్తం," అని నాతో అన్నాడు, నేనేదో అతని పని పెంచినట్టు.

నెలన్నరకు జవాబొచ్చింది. బొల్లారంలో ఉండేవాడు, నేను ఎన్నడూ చూడని మనిషి. వచ్చి గొంతు గుర్తుపట్టమంటే పోయాను. అరికాళ్ల మీద కొట్టినట్టున్నారు, నిలబడలేకపోతున్నాడు. పెదవి చీలి ఉంది. చూసి సంతోషపడ్డాను, ఆ మాట దాచను. ఎందుకు చేశాడో ఎస్సై చదివి వినిపించాడు. ఇతని తల్లి తడి బియ్యం తెస్తే, రాళ్లు పాడుచేస్తావా అని నేను డబ్బా రోడ్డు మీద బోర్లించానట. ముసలామె అందరి ముందూ కూర్చుని ఎత్తుకుందట. "యాదికుందా?" అన్నాడు ఎస్సై. లేదన్నాను. ఇప్పటికీ గుర్తు రాలేదు. ఎంత ఆలోచించినా రాలేదు.

ఫోన్లు ఆగిపోయాయి. మిక్సీల అతనికి ఎడమ చెవి వినబడటం లేదు. గిరాకీ మాట్లాడితే తల తిప్పి కుడి చెవి ఇస్తున్నాడు. అతని భార్య పిండికి పద్మారావు నగర్ పోతోంది, డబ్బా నెత్తిన పెట్టుకుని నా ముందునుంచే.

ఎస్సై మీద దరఖాస్తు రాశాను. ఏ రోజు, ఏ గంట, ఏ చేత్తో, ఎన్ని దెబ్బలు, అన్నీ. మిక్సీల అతని సంతకం కోసం ఎనిమిదేళ్ల తర్వాత ఆ గల్లీ దాటాను. తప్పు నాదని కూడా చెప్పాను. అతను కాగితం వైపు చూడలేదు. స్క్రూ బిగిస్తూనే అన్నాడు.

"ఇంకో కాగితం మీద నా పేరు రాయకు అక్కా."

మళ్లీ రాశాను. అబద్ధపు అనుమానం ఇచ్చింది నేనని, నేను చూస్తుండగా ఒక మనిషి చెవి పగిలిందని, నోరు మూసుకుని కూర్చున్నానని, ముందు నా మీద చర్య తీసుకొమ్మని. పై ఆఫీసుకు తీసుకుపోయాను. క్లర్కు చదివి, దెబ్బలు తిన్నది ఎవరని అడిగాడు. ఆ మనిషి పేరు రాయొద్దన్నాడని చెప్పాను. పేరు లేకుంటే కాగితం తీసుకోం అన్నాడు. పెన్ను కూడా ఇచ్చాడు. రాస్తే రెండు నిమిషాల పని.

పెన్ను తిరిగిచ్చాను. ప్రతి సోమవారం గిర్నీ బందు పెట్టి ఆ కాగితంతోనే పోతున్నాను. క్లర్కు అదే మాట అడుగుతున్నాడు. నేను అదే చెబుతున్నాను.