కట్టె పేడు కంట్లో పడినాక

ఒమాన్‌లో మంచు పడతాదంటే మా కడప పక్క ఎవురూ నమ్మరు. "కోతలు కోయొద్దులేమ్మే" అంటారు. నేను పని చేసింది మస్కట్‌లో కాదు, కొండమీది తోటలో, ఒక అరబ్బుల ఇంట్లో. ఆ పొద్దు లేచి సూస్తే దానిమ్మ చెట్లు, మేకల కొట్టం అంతా తెల్లగా ఉండాయి. బరువుకు కొట్టం రేకులు వంగిపోతాంటే నేనూ రత్నమక్కా పారలతో మంచు లాగేసినాం. రత్నమక్కది గోదావరి పక్క. ఆ ఇంట్లో వంట ఆమెది, మిగతా చాకిరీ నాది.

దారి మూసుకపోయి గ్యాస్ బండి రాలేదు. మేడం వాళ్ల ముసలితల్లి చలికి వణుకుతా ఉంటే, కట్టెలు కొట్టడానికి పోయినా. ఆ కొండ కట్టె ఇనుమే అనుకోండి. గట్టిగా ఒక దెబ్బ ఏసేసరికి పేడు ఎగిరి కుడికంట్లో కొట్టింది. "అమ్మా!" అని గొడ్డలి పారేసి కూలబడినా.

రత్నమక్క పరిగెత్తుకొచ్చింది. "కదలకే ఓబులమ్మా. మా ఊళ్లో అందరికీ నలుసులు తీసేది నేనే" అంటూ నా తల పట్టుకుని నాలుకతో కన్ను తుడిచింది. మా పక్క కూడా అట్టాగే తీస్తారు. చిన్న చెక్కముక్క ఊడొచ్చింది. "చూశావా, అయిపోయింది!" అని నవ్వింది.

యాడ అయిపోయింది! మర్నాటికి కన్ను చింతనిప్పు. ఆసుపత్రికి తీసకపోండని ఏడిస్తి. దారి లేదు. ముసలామెకు శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు మిగిలిన చుక్కల సీసా ఉంటే, రత్నమక్క తెచ్చింది. "కంటి మందే కదే, కంటికి కాక కాలికేస్తారా?" అంది. మంత్రమేసినట్టు నొప్పి తగ్గె, ఎరుపు తగ్గె. దారి తెరిచినాక మేడం మొగుడు, మేము బాబా అంటాం, "హాస్పిటల్‌కు పోదామా?" అని ఆయనే అడిగినాడు. "వద్దు బాబా, తగ్గింది, ఖలాస్" అనేసినా. చుక్కలు మాత్రం మానలేదు.

కొన్నాళ్లకు అద్దంలో సూస్తే నల్లగుడ్డు మింద మెతుకంత తెల్లమచ్చ. ఎడమ కన్ను మూసుకుంటే అద్దంలో నా మొగమే కనపడలా. నొప్పి మళ్లా మొదలాయె. నొప్పికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

బాబా ఆ పొద్దే కొండ దించి మస్కట్ పెద్దాసుపత్రికి తీసకపోయినాడు. మలయాళీ డాక్టరమ్మ కన్ను గీకి టెస్టు చేయించింది. "ఫంగల్ అల్సర్, అంటే బూజు పట్టిన పుండు. కట్టె నుంచే వచ్చింది. చుక్కలేమైనా వేశావా?" అని హిందీలో అడిగింది. కొంగులోంచి సీసా తీసిస్తే ఆమె మొగం మారిపోయింది.

"ఇది స్టెరాయిడ్. పైకి తగ్గినట్టుంటది. లోపల ఫంగస్‌కు మేత పెట్టినావు."

"నా కన్ను ఉంటాదా డాక్టరమ్మా?"

"కార్నియా, అదే నల్లగుడ్డు మీది పొర, బాగా పల్చబడింది. చిల్లు పడితే కష్టం. దగ్గకు, వంగకు."

తుమ్ము వస్తే ప్రాణం పోయినట్టుండేది. నన్ను ఆసుపత్రిలోనే పెట్టుకుని నర్సులు గంటగంటకూ ఫంగస్ మందు చుక్కలేస్తాండ్రి. అయినా మచ్చ పెరిగింది, మాత్రలు కూడా పెట్టినారు. రత్నమక్క ఫోన్ చేసి "నా చేతులు పడిపోనూ, నీ కన్ను నేనే తీశానే" అని ఏడిస్తే, అబద్ధమెందుకు, నాకు ఒళ్లు మండి ఫోన్ పెట్టేసినా. ఆ కోపం చానా రోజులుండె.

ఒకనాడు డాక్టరమ్మ నా ఎడమ కన్ను మూసి, కుడికంటి ముందర ఏందో ఆడించింది. "ఏం కనపడతా ఉంది?" "చెయ్యి... నీ చెయ్యి!" అని బోరున ఏడ్చినా. ఆమె నా భుజం తట్టి, "కన్ను నిలబడింది. చూపు ఇంతకన్నా రాకపోవచ్చు" అంది.

ఇప్పుడు ఊరికొచ్చి ఇంటికాడే ఉండా. కుడి పక్కనుంచి బండి వస్తే తెలీదు, మా పాప చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తాది. కార్నియా మార్పిస్తే చూపు రావచ్చంటే పేరు రాపిచ్చినా. రత్నమక్క ఇప్పటికీ ఫోన్ చేస్తాది, మాట్లాడతా. ప్రేమతోనే చేసింది పాపం.

మీకు చెప్పేది ఒకటే. కట్టె గానీ, గడ్డి గానీ, వరికంకి గానీ కంట్లో కొడితే ఇంకొకరి చుక్కల సీసా ముట్టుకోవద్దు. తగ్గినా సరే, కంటి డాక్టరు దగ్గరికి పోండి. నొప్పి ఉన్నన్నాళ్లూ నేను ఆసుపత్రి ఆసుపత్రి అని ఏడ్చినా. నొప్పి తగ్గినాకనే నా చూపు పోయింది.